చింతపండుతో తోమిన కెనడా నాణెం

అబ్బాసియా, శుక్రవారం రాత్రి

ఛీ! అన్నం కూడా సయించలేదు.

ఈ ఎడారి దేశంలో మా ఆఫీసులో పనిచేసే కెనడా ఆయన ఇచ్చిన చిల్లరలో ఒక్క పావు డాలరు మీదే, జింక బొమ్మ కొమ్ము నుంచి అంచు దాకా సన్నటి గీత ఉబ్బెత్తుగా ఉంది. టంకశాలలో అచ్చు పగిలితేనే లోహం అలా పొంగుతుంది, సేకరించేవాళ్లలో అలాంటి నాణేలకే గిరాకీ. చేత్తో గీస్తే పల్లం పడుతుంది. ఆ తేడా పట్టుకోడానికే కదా, భూతద్దం పెట్టుకుని ఇన్నాళ్లూ కళ్లు పొడుచుకున్నాను!

శుక్రవారం కదా అని మా రూమ్మేట్ ఓబులేసు దేవుడి కుందులతో పాటు దాన్నీ చింతపండేసి తోమేశాడు. "మురికనుకున్న్యా అన్నా. ఎంత తోమినా పోలా, గుండుసూదితో గీకినా" అంటాడు కడప యాసలో, పళ్లికిలిస్తూ. ఇప్పుడు గీత పక్కనే లోతుగా గాట్లు. పక్క పేట అర్దియాలో నాణేలు సేకరించే మిత్రుడికి చూపిస్తే, అసలు గీత కూడా నేనే గీశానంటాడు.

తిట్టబోయాను.

"కోపమెందుకన్నా? నీ డబ్బాలో నాణేలన్నీ నానబెట్టినాలే, రేపు తోముతా" అన్నాడు.

గిన్నె ఇంకా పొయ్యి పక్కనే ఉంది. మూత తీసి చూడ్డానికి చేతులు రావట్లేదు.