క్లాస్ ఏ బ్యాటరీ

బాకూర్, కవీతె
ఆదివారం

చిరంజీవి తమ్ముడు జోమెల్‌కి అక్క విల్మా దీవించి రాసేది. ఇక్కడ అమ్మ, పాప, నేను బాగున్నాం. బావ సంగతి కాస్త ఆగి రాస్తాను. సురిగావ్ గని కొండ మీద నువ్వు కులాసాగా ఉన్నావనే నమ్ముతున్నాను. కులాసాగా ఉన్నవాణ్ణయితేనే కదా మనసారా తిట్టగలిగేది.

నువ్వు బావకి రాసిన ఉత్తరం చదివాను. "అక్కకి చెప్పకు బావా" అని మొదటి ముక్కే రాశావు. బావ పాపం చెప్పలేదు. చివరికి తనే నా చేతికివ్వాల్సి వచ్చింది. కరెంటు సిగరెట్లమ్మే ఈ వేప్ కొట్టు మా ఇద్దరిదీరా. వచ్చే ప్రతి కుర్రాడితో గొంతు పోయేలా బేరమాడేది నేను. అయినా నీకు సలహా బావ దగ్గరే కావాలి, ఎందుకంటే నేనైతే వద్దంటానని నీకు తెలుసు. అవును, వద్దనే అంటాను.

సరే, నువ్వడిగినవాటికి జవాబులు నేనే రాస్తాను. సిగరెట్ మానడానికి మొదటి వేప్‌గా మెకానికల్ కొనచ్చా అన్నావు. సిగరెట్ మానడానికి అదెందుకురా? వేడి ఎక్కువైతే వాటంతట అవే ఆగిపోయే చిన్న డబ్బా వేప్‌లు మా కొట్లో వరసగా ఉన్నాయి. నువ్వు బావకి పంపిన పదిహేను వందల పెసోల్లో వస్తాయి కూడా. కానీ నీకు డబ్బా నామోషీ. ఇత్తడి గొట్టం కావాలి, అది మెరవాలి, గనిలో కుర్రాళ్ళంతా నోళ్ళు వెళ్ళబెట్టి చూడాలి. సిగరెట్ మానేవాడి తీరేనా ఇది?

మెకానికల్ అంటే ఏమిటో తెలుసా నీకు? గొట్టంలో బ్యాటరీ, పైన వేడెక్కే తీగచుట్ట, కింద బటన్. అంతే. ఇక చాలు అని మధ్యలో ఆపే చిప్పు ఏదీ ఉండదు. బటన్ నొక్కుకుపోతే బ్యాటరీ తనలో ఉన్నదంతా తీగలోకి తోసేస్తూనే ఉంటుంది. ఆపాల్సింది మనిషే. ఆ మనిషివి నువ్వా? పొయ్యి మీద అన్నం చూస్తుండరా అని అమ్మ చెప్తే, మాడు వాసన వీధి చివరికి వచ్చేదాకా బాస్కెట్‌బాల్ ఆడుకున్నవాడివి.

"క్లాస్ ఏ అయితే ఫర్వాలేదు కదా బావా" అని ఇంకోటి. ఈ ముక్క చదివాక నాకు ఒళ్ళు మండింది. క్లాస్ ఏ అంటే నకిలీదే, కాకపోతే మంచి నకిలీ అని మన బజార్లో ఎవరికి తెలీదు? నీ బూట్లు క్లాస్ ఏ. నా హ్యాండ్‌బ్యాగ్ క్లాస్ ఏ. పాప బాప్తిస్మానికి అమ్మ పెట్టుకున్న గడియారమూ క్లాస్ ఏనే. చెప్పే అమ్ముతారు, తెలిసే కొంటాం. బూటు అడుగు ఊడితే అతికించుకుంటాం, గడియారం ఆగితే నవ్వుకుంటాం. ఇత్తడి గొట్టం క్లాస్ ఏ అయినా ఫర్వాలేదు, మీద చెక్కిన పేరు దొంగదైనా ఇత్తడి ఇత్తడే. బటన్ నొక్కుకోకుండా తిప్పి బిగించే రింగు సరిగ్గా పట్టాలి, అడుగున గాలి పోయే కన్నాలుండాలి, అంతే. అలాంటివి నేనే అమ్ముతున్నాను. కానీ బ్యాటరీలో క్లాస్ ఏ ఏమిటిరా! ఎక్కడో పాత లాప్‌టాప్‌లోంచి పీకినదానికి కొత్త తొడుగు తొడిగి, దాని మీద ఇంత కరెంటు ఇస్తుందని పెద్ద అంకె అచ్చేస్తారు. లోపలున్నదానికి ఆ అంకె మొయ్యడం చేతకాదు.

ఉత్తరం చివర్న "బహలా నా, దేవుడే చూసుకుంటాడులే" అని రాసి నవ్వు ముఖం గీశావు. దేవుడికి వేరే పనుల్లేవనుకున్నావా?

ఇక బావ సంగతి. నీ ఉత్తరం అందగానే నిన్ను సంతోషపెట్టాలని బావ బజార్లో ఓగీ దుకాణానికి వెళ్ళి క్లాస్ ఏ బ్యాటరీల జత తెచ్చాడు. నువ్వు పంపిన డబ్బు మంచి బ్యాటరీకి చాలదు మరి, గొట్టానికే అయిపోతుంది. నీకు పంపేముందు ఎలా ఉందో చూద్దామని ఒకటి తన పాత గొట్టంలో వేసి, ప్యాంటు జేబులో పెట్టుకుని, బియ్యానికని అద్దె ట్రైసికిల్ బండి ఎక్కాడు. రింగు సరిగ్గా బిగిసినట్టు లేదు. ఇరుకు సీట్లో తొడ కింద బటన్ నొక్కుకుపోయింది. జేబులోంచి పొగ వస్తుంటే చేత్తో లాగి కాలవలోకి విసిరాడట. తొడ కాలింది. కుడి అరచెయ్యి తోలు ఆ గొట్టానికే అంటుకుపోయింది. ఇప్పుడు వేళ్ళు ముడుచుకోవడం లేదు. కాళ్ళ దగ్గర తోలు తీసి చేతికి అతికించాలని డాక్టరు అంటున్నాడు. తీగచుట్టలు చుట్టే చెయ్యిరా అది, మా కొట్టు నడిచేది ఆ వేళ్ళ మీదే. అమ్మ అల్లం గంజి కాచి చెంచాతో తాగిస్తోంది.

నీకు రాయకూడదనుకున్నది ఇంకొకటి ఉంది. నేను ఓగీ మీదికి వెళ్ళాను. ఓగీ మన పాపకి జ్ఞానతండ్రి, బాప్తిస్మం నాడు చర్చిలో దాన్ని ఎత్తుకుని నిలబడ్డ మనిషి. బజారంతా చూస్తుండగా అడిగాను.

"ఏం అమ్మావు మా ఆయనకి?"

"అరవకు వదినా. జనం చూస్తన్నారు."

"చూడనీ! మా ఆయన చెయ్యి కాలిపోయింది, తెలుసా నీకు?"

"తెలిసింది వదినా, రాత్రంతా ప్రార్థన చేశాం. కానీ నేను మోసం చెయ్యలేదు. క్లాస్ ఏ అనే చెప్పిచ్చా. ఒరిజినల్ అన్నానా? నువ్వే అడుగు మీ ఆయన దెన్సియోని."

"బ్యాటరీకి క్లాస్ ఏ ఏంటయ్యా?"

"నువ్వమ్మే గొట్టాలేంటి మరి?"

వాడు అబద్ధమాడలేదు, నాకు ఎక్కువ మండింది అందుకే. వాడి బ్యాటరీల ట్రే ఎత్తి నేలకేసి కొట్టాను. దొర్లిపోయిన వాటిని ఏరుకుంటూ వాడు ఏడ్చాడు. నేను మాత్రం ఒక్కటీ ఏరలేదు, క్షమించమని అడగలేదు, అడగను కూడా. అప్పట్నించి బావ నాతో మాట్లాడటం లేదు. "పాప జ్ఞానతండ్రిని నడి బజార్లో నిలబెట్టావు. రేపు ఏ ముఖం పెట్టుకుని చర్చికి పోతాం?" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. చెయ్యి కాల్చుకున్నది తను, సిగ్గుపడేది ఓగీ తరఫున! ఇలాంటి మంచితనాన్ని ఏం చెయ్యాలో నాకు తెలీదు జోమెల్.

మీ బ్యాచ్‌లో నొనోయ్ తన పాత మెకానికల్ చవగ్గా ఇస్తానంటున్నాడని రాశావు. తీసుకున్నావంటే నేనే ఓడెక్కి వచ్చి నీ చెవి మెలిపెడతాను. నువ్వు పంపినదానితో డబ్బా, అసలు బ్యాటరీ, చార్జరు ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. చూడ్డానికి బాగుండదు. నలుగురూ నవ్వితే నవ్వనీ.

ఓగీ ఇచ్చిన జతలో రెండోది బావ అప్పటికే పొట్లం కట్టి దాని మీద నీ పేరు రాసిపెట్టాడు. దాన్ని పెరట్లో ఇసుక బకెట్‌లో పూడ్చాను. నాతో మాట మానకముందు బావ ఆస్పత్రి మంచం మీద ఒక మాట అన్నాడు. "నయం విల్మా, పాడయింది నా వంతుదే" అని నవ్వాడు. రెండింటికీ ఒకటే ఊదారంగు తొడుగు, ఒకటే అంకె. చేతికి దొరికినది తీసి తన గొట్టంలో వేసుకున్నాడు. ఏది ఎవరి వంతుదో ఆయనకెలా తెలుసురా?

ఇట్లు,
నీ అక్క,
విల్మా