పిడికెడు బియ్యం

ఇచ్చోడ,
శనివారం

అయ్యగారికి ప్రభువు పేరిట వందనాలు.

మన సంఘం ఆడవాళ్ళు రోజూ వంటకు ముందు దేవునికని తీసిపెట్టిన పిడికెడు బియ్యం మా ఇంట్లోనే ఒక డబ్బాలో దాచాం. రేపు ఆరాధనలో అర్పించాలి. ఆ డబ్బా ఇవాళ ఖాళీ అయ్యింది.

పొద్దున సంఘపెద్ద ఎబినేజర్‌గారి భార్య వచ్చింది. "అక్కా, నిన్నటి సంది పొయ్యి ముట్టియ్యలే. పత్తి పంట పోయినకాడికెల్లి ఆయన పరేషానున్నడు, మొన్న పురుగుల మందు డబ్బా చేతవట్టిండు. నేను అడుక్కున్ననని తెలిస్తే బతకడు. తల్లిగారింటి బియ్యమని చెప్త," అన్నది.

"ఫికర్ చెయ్యకు చెల్లె, ఎవ్వలికీ చెప్ప," అని ఉన్నదంతా పోసిచ్చాను. కానీ ఆ మందు మాట విన్నాక మీకు చెప్పక తప్పలేదు. ఆరాధన కాగానే ప్రార్థనకని వాళ్ళింటికి వెళ్ళి, ఆయనతో కూర్చోండి.

బియ్యమేవని రేపు నన్ను అందరిలో నిలబెట్టి అడిగేది సంఘపెద్దగా ఆయనే. నేను అబద్ధమాడలేను, నిజం చెప్పను. కుడిచేయి ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదన్నారు కదా ప్రభువు. దొంగనన్నా సరే, మీరు జాలిపడి నా పక్షాన మాట్లాడకండి. ఆయన్ని గట్టిగా అరవనివ్వండి. అరిచే ఓపిక వచ్చిందంటే, ఇంట్లో అన్నం తిన్నట్టే.

మీ సంఘ సహోదరి