బోలెడు ఎముకలు

పెద్దోడా,

నేను చెబుతుంటే నీ పెళ్ళాం రాస్తోంది. తిట్లు తగ్గించి రాస్తానంటోంది, కాబట్టి మిగతావి నువ్వే కలుపుకో.

డాక్టరు నావి "బోలు ఎముకలు" అంటే, "బోలెడు ఎముకలు" అని విని వీధంతా గొప్పలు చెప్పుకున్న మాట నిజమే. నువ్వు పొట్ట పట్టుకుని నవ్వావు. కానీ ఆయన మాట నువ్వూ సగమే విన్నావు. పడిపోకుండా చూసుకోమన్నాడు గానీ కదలకుండా కూర్చోమనలేదు. ఎండలో నడవమన్నాడు. నువ్వేమో మేడ మీదికెళ్ళే తలుపుకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని క్యాంపుకెళ్ళావు. పరుపుకైనా ఎండ చూపిస్తారు కదరా, కన్నతల్లికి చూపించవా? వచ్చాక మెట్ల పక్కన కమ్మీ వేయించు. అందాకా నీ పెళ్ళాం భుజం పట్టుకుంటాను.

ఇంకో మాట. ఎముకకు బలం కూడబెట్టాల్సింది వయసులోనేనట, నా వయసుకు ఉన్నది కాపాడుకోవడమేనట. ఇదేమో పొద్దస్తమానం కుట్టుమిషను ముందే ఉంటుంది. పాలన్నీ మనకు పోసి తను టీ నీళ్ళు తాగుతుంది. ఈ ముక్క రాయనని కలం పక్కన పెడితే, గదిమి రాయించాను.

తాళంచెవి నాకివ్వడానికి భయమైతే దీని పేరిట పంపు. దీన్ని రోజూ ఎండలోకి తోలుకెళ్ళే పూచీ నాది.

వేలిముద్ర వేసి,
మీ అమ్మ