చిన్నపోలయ్య పడవ లాకు దాటలేదు

1967 డిసెంబరు 3, ఆదివారం. తెల్లవారినప్పటి నుంచి ముసురు. గాలి ఈశాన్యం. బావి గిలకకు ఆముదం పెట్టడం — పాస్.

ముప్పై ఏళ్లుగా దినచర్య పుస్తకంలో నా రోజు ఈ విధంగానే మొదలవుతుంది; పని పూర్తయితేనే చివర పాస్ అని రాస్తాను. కనుక నా వీలునామా కూడా ఈ విధంగానే మొదలవుతుంది. దస్తావేజులు రాసే గుమస్తా ఇది పద్ధతి కాదన్నాడు. అతని పద్ధతి అతని దగ్గరే ఉంచి, కాగితాలు తెచ్చుకుని నేనే రాస్తున్నాను.

నెల్లూరు జిల్లా, కోవూరు తాలూకా, విడవలూరుకు తూర్పున ఉన్న గుల్లలదిబ్బ కాపురస్తుడిని, కీర్తిశేషులు పోలయ్య కుమారుడిని, కాలువ లాకులో తలుపులు తిప్పే లస్కరుగా పనిచేసి నాలుగేళ్ల కిందట రిటైరైన ముత్యాలయ్య అనే నేను, నా అరవై రెండో ఏట, ఎవరూ బలవంతపెట్టకుండా, ఎవరి మాటకూ లొంగకుండా రాసి ఇచ్చిన వీలునామా ఇది. నాకు మోకాలి నొప్పి ఉంది. ఆయాసం ఉంది. మతి స్థిరంగా ఉంది. ఈ మాట నా తమ్ముడి కొడుకు మాలకొండయ్య కోసం విడిగా రాస్తున్నాను. ‘మా పెదనాయనకు బుర్ర చెడిపోయిండాది, ఆయన సంతకం చెల్లదు’ అని టీ కొట్టు దగ్గర చెబుతున్నాడట. ఈ ఉదయం బావిలో పదకొండు బిందెలు తోడాను. పన్నెండోది మాలకొండయ్య భార్య అడిగితే తోడి ఇచ్చాను. ఆమెను అడిగి చూసుకోవచ్చు.

1. విడవలూరు హైస్కూలు ఉపాధ్యాయులు పద్మనాభయ్య గారు ఈ వీలునామాను అమలు జరపాలి. ఆయనకు నా చేతి గడియారం ఇస్తున్నాను. అది రోజుకు నాలుగు నిమిషాలు వెనకబడుతుంది. ఆయనకు అలవాటు కావడానికి ఒక వారం పడుతుంది.

2. నా స్వార్జితమైన పెంకుటిల్లు, దాని వెనక ఉన్న నలభై సెంట్ల సర్వి (సరుగుడు) తోట, బావి, కట్టెల పడవ నడిపిన కీర్తిశేషులు చిన్నపోలయ్య భార్య పేరమ్మకు చెందాలి. ఆమె జీవితకాలం అనుభవించిన తర్వాత ఆమె కూతురు సామ్రాజ్యానికి అమ్ముకునే, దానం చేసుకునే సర్వహక్కులతో చెందాలి. హద్దులు: తూర్పు ఇసుక దిబ్బ, ఉత్తరం ఊరి బాట, పడమర కాలువ గట్టు, దక్షిణం మాలకొండయ్య దొడ్డి. దక్షిణపు దడి ఏటేటా జానెడు మా వైపు నడిచి వస్తోంది. అసలు హద్దు రాయి తాటిమొద్దు కింద ఉంది. తవ్వి చూసుకోవాలి.

పేరమ్మను నేను ఉంచుకున్నానని మా కుల పెద్దలు నాకు తప్పు వేశారు. నేను కట్టలేదు. ఆ తర్వాత రెండేళ్లు నా ఇంటికి నిప్పు ఇవ్వలేదు, నా భార్య కామాక్షమ్మ తద్దినానికి ఒక్కరూ రాలేదు. అయినా కట్టలేదు. నా తదనంతరం నా తరఫున ఎవరైనా ఆ తప్పు కడితే, ఈ వీలునామాలో వారికి రాసింది రద్దవుతుంది. పేరమ్మ నన్ను అన్నా అని పిలుస్తుంది. ఆ పిలుపుకు నేను తగినవాడినా అన్నది వేరే సంగతి. అది నాలుగో అంశంలో ఉంది.

సామ్రాజ్యం పరీక్ష పాసయితేనే ఇల్లు ఆమెకు చెందేటట్టు షరతు పెట్టమని కొందరు పెద్దమనుషులు సలహా ఇచ్చారు. పెట్టను. పాసయినా తప్పినా ఇల్లు ఆమెదే. పెళ్లి చేసుకున్నా మానినా ఆమెదే.

3. మాలకొండయ్యకు నా సైకిలు, గొడుగు, చిన్న పడవ ఇస్తున్నాను. పడవకు కిందటి నెలలోనే తారు పూశాను. వీడు నన్ను పదిమందిలో, ‘ఒక్క మాటే ముప్పై ఏండ్లు రాసినోడు, చదువుకున్నోడంట!’ అని ఎగతాళి చేశాడు. అందుకు పడవ ఇవ్వకూడదు. కానీ నాకు సన్నిపాతం వచ్చిన ఏడు, కాలువలో నీళ్లు లేక పడవలు ఆగిపోతే, అప్పటికి పద్దెనిమిదేళ్ల కుర్రవాడైన వీడే నన్ను భుజాన వేసుకుని విడవలూరు ఆసుపత్రి దాకా ఇసుకలో నడిచాడు. దారంతా నన్ను తిడుతూనే ఉన్నాడు, దించలేదు. పడవ ఆ రోజుకు. ఇంటి మీద దావా వేస్తే పడవ కూడా పేరమ్మకే పోతుంది.

4. ఈ అంశం ఆస్తి గురించి కాదు. అందరూ వినవలసింది ఇదే.

లాకు పని తెలియనివారి కోసం రాస్తున్నాను. కాలువలో నీళ్లు ఒకవైపు ఎత్తులో, ఒకవైపు పల్లంలో ఉంటాయి. మధ్యలో రాతిగోడల గది, దానికి రెండు చివరలా తలుపులు. పడవ గదిలోకి రాగానే రిజిస్టరులో దాని నంబరు, సరుకు, పడవ మనిషి పేరు, టైము రాస్తాం. వెనక తలుపులు మూసి, నీళ్లు సమం చేసి, ముందు తలుపులు తీస్తాం. పడవ చుక్కాని గోడ దాటిన తర్వాత మాత్రమే చివరి గడిలో పాస్ అని రాయాలి. నాకు పని నేర్పిన ముసలి లస్కరుకు చదువు రాదు. అయినా మొదటి రోజే చెప్పాడు: ‘చుక్కాని దాటిందాకా కలం ముట్టబాకరా, అబ్బయా.’ రిజిస్టరు రాయవలసింది సూపరింటెండెంటు. ఆయన నెలలో సగం రోజులు నెల్లూరులో ఉండేవాడు. అందువల్ల ఇంగ్లీషు అక్షరాలు ఆ రిజిస్టరు చూసి దిద్దుకుని నేను రాశాను. నాకు వచ్చిన మొదటి ఇంగ్లీషు మాట అదే.

1958 నవంబరు 11, మంగళవారం, సాయంత్రం అయిదున్నర. పెద్ద వాన. చిన్నపోలయ్య సర్వికట్టెల పడవ లాకు గదిలోకి వచ్చింది. లాకు పక్కన మా గుడిసె కప్పు కారి రిజిస్టరు పేజీ తడుస్తోంది. అక్షరాలు చెదిరిపోతాయని, గడులన్నీ ఒక్కసారే నింపి, చివరి గడిలో పాస్ అని రాసి, పుస్తకాన్ని మైనపు గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాను. ఆ తర్వాత తలుపు చక్రం తిప్పడానికి వెళ్లాను. చిన్నపోలయ్య వెనక అమరం మీద గెడ పట్టుకుని నిలబడి, ‘బిన్నా తిప్పన్నా, ఇంటికి పోయేలోపల మా సామ్రాజ్యం నిద్రపోతాది’ అని కేక వేశాడు. నేను తిప్పాను. తలుపు గొలుసు తెగింది. తలుపు విసురుగా వచ్చి పడవను గోడకేసి కొట్టింది. చిన్నపోలయ్య పడవకూ గోడకూ మధ్య పడ్డాడు. మేము తీసేసరికి ప్రాణం లేదు.

ఆ గొలుసు అరిగిపోయిందని నేను అంతకుముందు మూడుసార్లు సూపరింటెండెంటుకు రాసి ఇచ్చాను. ఆ మూడు తేదీలు నా దినచర్య పుస్తకంలో ఉన్నాయి.

నాలుగో రోజు విచారణకు వచ్చినవారు రిజిస్టరు తెరిచారు. పడవ పాస్ అని ఉంది. కనుక ప్రమాదం లాకులో జరగలేదు, పడవ దాటిపోయిన తర్వాత కాలువలో జరిగింది, పడవ మనిషి తాగి ఉండి పడిపోయాడు అని కాగితం తయారైంది. నేను ఆ మాట కొట్టేసి సరిగా రాస్తానన్నాను. సూపరింటెండెంటు సంజీవరావు గారు నన్ను పక్కకు పిలిచి, ‘పాసని రాసింది నువ్వే గదయ్యా. నువ్వు రాసినాక ఆ పడవ లాకులో లేనట్టే. ఇప్పుడు కొట్టేస్తే ముందు పోయేది నీ ఉద్యోగం. పోనీలే, వదిలెయ్’ అన్నారు. వదిలేశాను.

మద్యనిషేధం ఉన్న రోజులు. తాగి చచ్చాడన్న మాట మీద శవం మోయడానికి కూడా మనుషులు వెనక్కు తగ్గారు. నీటి మీద పోయినవాడికి ఊరి పెద్దవల చేపల్లో వచ్చే పాలు, అంటే వాటా, మూడేళ్లు వాడి ఇంటికి నడపడం మా ఆచారం. తాగినవాడికి ఆ ఆచారం వర్తించదని పెద్దలు చిన్నపోలయ్య పాలు తీసేశారు. పేరమ్మ ఆరేళ్ల పిల్లను చంకనెత్తుకుని లాకు మీదికి వచ్చి, అందరి ముందూ, ‘అన్నా, నువ్వు ఆడ్నే ఉండావు గదా. నా మొగుడు తాగినాడా? ఒక్క మాట చెప్పు’ అని అడిగింది. నేను తలుపు చక్రం వైపు చూస్తూ నిలబడ్డాను.

అందువల్ల ఇప్పుడు స్పష్టంగా రాస్తున్నాను. చిన్నపోలయ్య తాగలేదు. అతని పడవ లాకు దాటలేదు. నేను ముందుగా రాసిన మాట అబద్ధం. దాన్ని అబద్ధమని తెలిసీ నిలబెట్టినవారు సంజీవరావు గారు. తెలిసీ నోరు మూసుకున్నవాడిని నేను. ఆపిన పాలు నేను ఇప్పుడు అడగడం లేదు. అతని పేరు తిరిగి ఇమ్మంటున్నాను.

పేరమ్మకు ఈ సంగతి 1961లో చెప్పాను. కాలువ గట్టున గుల్లలు ఏరుతోంది. విని, బుట్ట అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. ఎనిమిది నెలలు నా వైపు చూడలేదు. తర్వాత ఒక ఉదయం పలక పట్టుకుని సామ్రాజ్యం నా గడపలో నిలబడి, ‘అమ్మ పొమ్మనింది మామా, అక్షరాలు నేర్పించుకోమనింది’ అంది. పేరమ్మ క్షమించానని అనలేదు. నేను అడగలేదు.

5. అట్టలేని నా ఇంగ్లీషు నిఘంటువు, ఎర్ర అట్ట నోటుపుస్తకం సామ్రాజ్యానికి. ఆమె కిందటేడు తొమ్మిదో తరగతి ఇంగ్లీషులో తప్పింది. ఆ భాషలో ఒక్కో మాటకు ఇన్ని అర్థాలుంటే ఎట్లా మామా అని ఏడ్చింది. ఎర్ర పుస్తకం అందుకే మొదలుపెట్టాను. నిఘంటువులో పాస్ అన్న మాటకు ఒకటిన్నర పేజీ ఉంది. ఏ అర్థం నాకు ఎక్కడ ఎదురైందో తేదీతో సహా రాశాను. బస్సులో గుమస్తాలు చూపించే చీటీ పాస్. సినిమా హాలు మేనేజరు తన బావమరదులకు ఇచ్చేదీ పాస్. చట్టసభలో బిల్లు పాసయిందని పేపరులో చదివాను. హైస్కూలు మైదానంలో ఒక కుర్రవాడు బంతి కోసం ఇంకొకడిని అదే మాటతో కేకేశాడు. దొంగ రూపాయి బజారులో చెల్లిపోతే దానికీ అదే మాట. కొండల మధ్య కనుమను కూడా అంటారట. మాకు కొండలు లేవు కనుక దానికి ఎదురుగా తేదీ లేదు. కామాక్షమ్మ పోయినప్పుడు నా సెలవు చీటీ మీద ఆఫీసు గుమస్తా ఇంగ్లీషులో రాసిన దాంట్లో ఆ మాట కనబడి, ఇంటికి వచ్చి వెతికి, దానికి చనిపోవడమని అర్థం ఉందని ఆ రోజు తెలుసుకున్నాను. చూసీ చూడనట్టు పోనివ్వడం అన్న అర్థం కూడా అక్కడే, పేజీ అడుగున ఉంది. దానికి ఎదురుగా ఏ తేదీ వేశానో చెప్పనక్కరలేదు. సామ్రాజ్యం పరీక్షకు ఇవన్నీ రావు. అయినా చదవాలి.

6. తెగిన గొలుసు లంకె రెండు ముక్కలూ నా ట్రంకు పెట్టెలో, పాత చొక్కాలో చుట్టి ఉన్నాయి. అరిగినచోట వేప పుల్లంత లావు కూడా లేదు. ఒక ముక్క పేరమ్మ దగ్గర ఉండాలి. రెండో ముక్కను, నాలుగో అంశం నకలుతో కలిపి, పద్మనాభయ్య గారు నెల్లూరులో సంజీవరావు గారి ఇంటికి వెళ్లి, ఆయన చేతిలో పెట్టి, ముట్టినట్టు సంతకం తీసుకోవాలి. చదవకుండా సంతకం చేయనివ్వకూడదు. పని కాకముందే రాత పడకూడదు; నేను చేసిన తప్పు అదే.

7. మా కాన్పుల నర్సు ఇందిరమ్మ గారికి కామాక్షమ్మ ఇత్తడి చెంబు. కామాక్షమ్మ జబ్బు రోజుల్లో, ఊరంతా మా గడప తొక్కనప్పుడు, ఆమె వచ్చి ఆ చెంబుతోనే మంచినీళ్లు అడిగి తాగింది.

8. నేను పోయిన రోజు, నన్ను ఎత్తకముందు, వలలు ఆరేసే మిట్ట మీద కుల పెద్దలందరూ ఉండగా నాలుగో అంశం గట్టిగా చదవాలి. వినడం ఇష్టం లేనివారు వెళ్లిపోవచ్చు. అటువంటివారు నన్ను మోయనక్కరలేదు. మోసేవారు చాలకపోతే నా చిన్న పడవలో పడుకోబెట్టి కాలువ వెంట తాడుతో లాక్కుపోవాలి. చిన్నపోలయ్యను పేరమ్మ ఆ విధంగానే తీసుకుపోయింది.

9. నా దినచర్య పుస్తకంలో ఆఖరి పంక్తి సామ్రాజ్యం రాయాలి. తేదీ, వాతావరణం, నా పేరు. చివరి గడి మాత్రం వెంటనే నింపకూడదు. చదివింది అందరూ విన్నారని, చిన్నపోలయ్య పేరు మీద పడ్డ మాట పోయిందని ఆమెకు నమ్మకం కుదిరిన తర్వాతే నింపాలి. కుదరకపోతే ఆ గడి అలాగే వదిలేయాలి. ఖాళీ గడి అబద్ధం చెప్పదు.

ఇంతకుముందు నేను ఏ వీలునామా రాయలేదు. దీన్ని మార్చే ఉద్దేశం లేదు. తొమ్మిది అంశాలూ నా చేతిరాత. కొట్టివేతలు లేవు.

గుల్లలదిబ్బ, 1967 డిసెంబరు 3.

(సంతకం) పో. ముత్యాలయ్య

సాక్షులు:
1. మస్తానయ్య, రైతు, విడవలూరు
2. ఇందిరమ్మ, నర్సు, విడవలూరు (ఏడో అంశం ఉన్నదని తెలిసి ఆమె సాక్షి సంతకం చేయనన్నది. గుమస్తాను అడిగితే సాక్షి సంతకం చేసినవారికి రాసిన చెంబు చెల్లదన్నాడు. అందువల్ల చెంబు ఈ రోజే ఆమె చేతికి ఇచ్చి, తర్వాత సంతకం తీసుకున్నాను.)

అదే రోజు, సాయంత్రం. ముసురు విడిచింది. గాలి తగ్గింది. దక్షిణపు దడి పీకి అసలు హద్దు మీద కట్టడం —