గాలిపడవకి దారి

తాతయ్యా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఇవాళే నేను మొదటిసారి గ్లైడర్ ఎక్కేను. దానికి ఇంజనుండదు, గాలే మోస్తుంది. గోదాట్లో నీ తెరచాప పడవ గుర్తొచ్చి, దానికి గాలిపడవ అని పేరు పెట్టుకున్నాను.

కొండ పక్కన పైకి లేస్తుంటే ఎదురుగా చిన్న విమానం వచ్చింది. మమ్మల్ని చూడలేదేమోనని "అదిగో, అదిగో!" అని అరిచేను.

"కంగారుపడకమ్మా. ఇంజనున్నవాడే మనకి దారివ్వాలి," అన్నారు వెనక కూర్చుని గ్లైడర్ నడుపుతున్న మాస్టారు.

"ఆయ్. గోదాట్లోనూ అంతేనండి, లాంచీయే తెరచాపకి దారివ్వాలి," అన్నాను.

విమానం పక్కకి తప్పుకుంది. లాంచీ తప్పుకున్నప్పుడల్లా నువ్వు తువ్వాలు ఊపేవాడివి కదా, నేనూ టోపీ తీసి ఊపేను.

మాస్టారు నవ్వేరు. "ఎవరికమ్మా? వాడికి కనబడొద్దూ!"

కనబడినట్టే ఉంది తాతయ్యా. ఆ విమానం రెక్కలు రెండుసార్లు ఊపి మరీ వెళ్ళింది.