హారికను ఎందుకు కూర్చోబెట్టానంటే

గుంటూరు,
2025 ఫిబ్రవరి 6.

గౌరవనీయులైన బుల్లయ్య గారికి,

నమస్కారమండి. మీరూ వెంకటరావమ్మ గారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మిరప కోతల్లో మీకు తీరిక ఉండదని తెలుసు. అయినా ఫోన్‌లో నా మాట పూర్తి కానివ్వరు కాబట్టి ఉత్తరం రాయక తప్పలేదు.

మీ అమ్మాయి హారిక మా కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టుకి ప్రాణం. ఆ సంగతి కోచ్‌నైన నాకు ప్రతి మ్యాచ్‌లోనూ వెనక నుంచి అరిచి చెప్పక్కర్లేదండి. మోకాలు నొప్పని పిల్ల కుంటుతుంటే సగం ఆట ఆడించి సగం కూర్చోబెడుతున్నాను. స్కానింగ్‌లో ఏమీ లేదని డాక్టరు గారన్న మాట నిజమే. కానీ నొప్పి అంటున్న పిల్లని ఎలా పరిగెత్తించను? రేపు ఆ కాలికి ఏమన్నా అయితే ముందు నన్ను నిలదీసేది మీరే.

నిన్నటి సెమీఫైనల్లో తనే చెయ్యెత్తి బయటికి వస్తానంది. తన బదులు బెంచీ మీదున్న సఫూరాను పంపాను. మీరు మెట్లు దిగి నేరుగా మా బెంచీ దగ్గరికే వచ్చేశారు.

"కాడెద్దుని కొట్టంలో కట్టేసి పొలం దున్నుతానంటే ఎట్టా మేడమ్?" అన్నారు, అంతమంది ముందు.

"కాడెద్దుకైనా మధ్యాహ్నం కాడి దింపుతారు కదండీ," అన్నాను.

ఆ తర్వాత మీ గొంతు పెరిగింది, రిఫరీ ఆట ఆపి మిమ్మల్ని బయటికి పంపాల్సి వచ్చింది. నాకు తల కొట్టేసినట్టయింది. మీరు అటు వెళ్ళగానే హారిక లేచి, నొప్పి తగ్గింది, ఆడతానంది. లేడిపిల్లలా పరిగెత్తి మ్యాచ్ గెలిపించింది. నాకు సంతోషం కన్నా చిరాకే ఎక్కువ కలిగింది. ఇంతలో తగ్గే నొప్పి ఏం నొప్పి?

ఇవాళ మీరు ప్రిన్సిపాల్ గారికి ఫోన్ చేశారట. సఫూరా కోసం హారికను తొక్కేస్తున్నానని, ఆదివారం ఫైనల్లో హారిక ఆట మొత్తం ఆడకపోతే నన్ను తీసేయాలని అన్నారట. తీసేయించండి. ఆ పిల్ల కాలి కన్నా ఈ ఉద్యోగం నాకు ఎక్కువ కాదు. నేనున్నంతవరకు ఎవర్ని ఎంతసేపు ఆడించాలో నేనే చూసుకుంటాను.

ఇట్లు,
మీతో వేగలేక,
నజ్మీన్.

తా.క. కవరు అంటించేలోపు హారిక వచ్చింది. రాసినదంతా చదివి వినిపించాను.

"మోకాలికేం లేదు మేడమ్. నాన్న ఉంటే ఆడలేకపోతున్నాను. అదే రాయండి," అంది.

ఒక్క బాల్ గురి తప్పితే చాలు, మీ ఊరు ప్రత్తిపాడు చేరేదాకా బండి మీద మీరు ఒక్క మాటా మాట్లాడరట. తిడితే బాగుండును అనిపిస్తుందట. మీ గొంతు వినపడగానే ఆ దారి గుర్తొచ్చి బంతి చేజారిపోతుందట. అందుకే కుంటడం మొదలుపెట్టిందట. ఇన్నాళ్ళూ నేనూ కనిపెట్టలేకపోయాను.

ఫైనల్‌కి మిమ్మల్ని రావద్దని రాయమంటావా అని అడిగాను. వద్దంది, తప్పకుండా రమ్మనమంది. ఓడిపోయినా సరే, ఇంటికి వెళ్ళేటప్పుడు దారిలో ఏదో ఒకటి మాట్లాడమంది. పొలం సంగతైనా పర్లేదంది.