గింజలు తొక్కుతున్న అమ్మమ్మ ఫోటో

డెలిమా పిన్నికి,

మ్యూజియంలో అమ్మమ్మ ఫోటో కింద ‘పూజానృత్యం చేస్తున్న గుర్తు తెలియని స్త్రీ’ అని రాశారు. మన సరస్సులో పండే మనోమిన్ వడ్లని వేయించి, గుంటలో పోసి, పొట్టు ఊడేలా లేడితోలు జోళ్ళతో తొక్కుతోంది మన వాబిగ్వన్ అమ్మమ్మ. వాళ్ళకది పూజ. మనవాళ్ళ హక్కుల గురించి కరపత్రాల్లో చదివిందంతా అక్కడే వాళ్ళ మొహాన అప్పజెప్పాను. ఇంటి పెద్దలెవరైనా వచ్చి చెబితే పేరు రాస్తారట. నువ్వొచ్చి ఆ తొక్కుడు పాట పాడితే చాలనుకున్నాను.

నువ్వేమో ఫోన్లో, “ఆ పాట గింజల కోసమే పిల్లా. గుంట లేకుండా ఏం తొక్కమంటావు, వాళ్ళ తివాచీనా?” అన్నావు. కోపమొచ్చి పెట్టేశాను.

తర్వాత ఫోటో ముందు కూర్చుంటే ఆ పొగ వాసన, జుట్టు నిండా పొట్టు, నీ పాటకు తేలికపడే అమ్మమ్మ అడుగులు, అన్నీ తిరిగొచ్చాయి. నువ్వు పాట ఆపితే ఆమె కాలూ ఆగేది. నువ్వన్నదే నిజం.

అందుకే మ్యూజియం వాళ్ళనే ఫోటో పట్టుకుని కోతలకు మన సరస్సు దగ్గరికే రమ్మన్నాను. ఒప్పుకున్నారు. నువ్వు పాడు, నేను తొక్కుతాను. నాకు కొత్త జోళ్ళు కుట్టి ఉంచు. కొలత అడగకు, నాది అమ్మమ్మ పాదమే.

నీ కోపిష్టి పిల్ల